అనుమతి లేని పుస్తకం

క్వేకర్ అనగానే మనకి ఓట్స్ డబ్బా మీద టోపీ పెట్టుకున్న తాతే గుర్తొస్తాడు. ఆ కంపెనీకీ ఈ కథకీ సంబంధం లేదు. క్వేకర్లంటే 1650ల ప్రాంతంలో ఇంగ్లాండులో మొదలైన ఒక క్రైస్తవ సమాజం. ఆ రోజుల్లో వాళ్ళ ప్రార్థనలో పాస్టరూ ఉండడు, పాటలూ ఉండవు. అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికి లోపల్నుంచి మాట వస్తే వాళ్ళు లేచి చెప్తారు, ఆడవాళ్ళైనా సరే. ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగు ఉంటుందన్నది వాళ్ళ నమ్మకం.

ఆ నమ్మకాన్ని ఉన్నదున్నట్టు పట్టుకున్న మనిషి బెంజమిన్ లే. 1682లో ఇంగ్లాండులోని కాప్‌ఫర్డ్ అనే ఊళ్ళో క్వేకర్ల ఇంట్లో పుట్టాడు. ఎత్తు నాలుగడుగుల పైన కొంచెం, వీపు మీద గూని. గొర్రెలు కాశాడు, చేతి తొడుగులు కుట్టాడు, ఓడల్లో పనిచేశాడు. భార్య సారా కూడా ఆయనలాగే పొట్టిగా, గూనితో ఉండేది. ప్రార్థనా సభల్లో బోధించేది.

1718లో ఇద్దరూ బార్బడోస్ వెళ్ళి కొట్టు పెట్టుకున్నారు. చెరకు తోటల్లో బానిసల ఆకలీ, వాళ్ళు తినే కొరడా దెబ్బలూ అక్కడే కళ్ళారా చూశారు. ఇక ఆయన మారిపోయాడు. బానిసల చేత చేయించిన వస్తువు ఏదీ ముట్టకూడదని పెట్టుకున్నాడు. చక్కెర మానేశాడు, మాంసం మానేశాడు, తన బట్టలు తనే తయారుచేసుకున్నాడు. తర్వాతి కాలంలో ఫిలడెల్ఫియా దగ్గర అబింగ్టన్‌లో ఒక గుహని ఇల్లుగా చేసుకుని, నిండా పుస్తకాలు పెట్టుకుని బతికాడు.

1732లో ఆయన ఫిలడెల్ఫియా చేరేసరికి అక్కడి క్వేకర్ పెద్దల్లో చాలామందికి బానిసలున్నారు. ప్రతి మనిషిలో వెలుగు ఉందంటూనే మనుషుల్ని కొంటున్నారు. దాని మీద ఆయన ఒక పుస్తకం రాశాడు. క్వేకర్లెవరైనా మత విషయాల మీద పుస్తకం అచ్చు వేయాలంటే ముందు సమాజం కమిటీ చూసి ఒప్పుకోవాలి. ఆ కమిటీలోనూ బానిసలున్నవాళ్ళు ఉన్నారు. ఆయన అనుమతి అడగలేదు. 1737లో నేరుగా బెంజమిన్ ఫ్రాంక్లిన్ ప్రెస్‌కి ఇచ్చేశాడు. ఫ్రాంక్లిన్ అచ్చు వేశాడు గానీ, దాని మీద తన పేరు మాత్రం వేసుకోలేదు. ఫ్రాంక్లిన్ ఇంట్లోనూ అప్పటికి బానిస ఉన్నాడు! ఆ పుస్తకం తమది కాదని సమాజం పేపర్లో ప్రకటన ఇచ్చింది.

1738లో బర్లింగ్టన్‌లో క్వేకర్ల వార్షిక సభ. ఆయుధం ముట్టని వాళ్ళ మధ్యకి లే సైనికుడి దుస్తులు, కత్తి పెట్టుకుని, పైన పెద్ద కోటు కప్పుకుని వచ్చాడు. చేతిలో ఒక పుస్తకం. దాని లోపలి కాగితాలు కోసేసి, ఎర్ర పండ్ల రసం నింపిన తిత్తి పెట్టాడు. బానిసల్ని ఉంచుకునేవాళ్ళకి దేవుడు ఏం చేస్తాడో చెబుతూ కోటు తీసేసి, కత్తితో ఆ పుస్తకాన్ని పొడిచాడు. దగ్గర కూర్చున్నవాళ్ళ మీద రక్తంలాంటి రసం చిందింది. ఆయన్ని బయటికి మోసుకెళ్ళారు. ఆ ఏడాదే సమాజం నుంచి వెలివేశారు.

ఆయన మాత్రం సభలకి వెళ్ళడం మానలేదు. నాకు ఆ కత్తి కన్నా ఇదే పెద్ద ధైర్యం అనిపిస్తుంది. వెలివేశారు కదా అని ఇంకో మతం వెతుక్కోలేదు. మీరు నమ్మేదే మీరు చెయ్యండి అని సొంతవాళ్ళనే అడుగుతూ ఉండిపోయాడు.

1758లో ఫిలడెల్ఫియా వార్షిక సభ దిగొచ్చింది. బానిసల్ని కొని, అమ్మేవాళ్ళని సమాజ వ్యవహారాల నుంచి తప్పించాలని తీర్మానించింది. ఆ కబురు విని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్న లే, 1759 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. 1776కల్లా బానిసల్ని ఉంచుకున్నవాడు అక్కడ సభ్యుడిగా ఉండటానికే వీల్లేకుండా పోయింది.

ఆయన వెలి మాత్రం అలాగే మిగిలింది. ఇరవై ఒకటో శతాబ్దంలో గానీ అబింగ్టన్ క్వేకర్లు ఆయన్ని మళ్ళీ తమవాడిగా గుర్తించలేదు. ఆయన మాట ఒప్పుకోవడానికి 20 ఏళ్ళు పట్టింది, ఆయన్ని ఒప్పుకోవడానికి దాదాపు 280.