గున్పే యొకోయి

గున్పే యొకోయి (సెప్టెంబరు 10, 1941 - అక్టోబరు 4, 1997) జపాను దేశానికి చెందిన ప్రసిద్ధ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, ఆటవస్తువుల రూపకర్త. నింటెండో సంస్థలో 31 సంవత్సరాలు పనిచేసి గేమ్ అండ్ వాచ్, గేమ్ బాయ్ అనే చేతి ఆట యంత్రాలను రూపొందించాడు. వీడియో గేమ్ యంత్రాలపై ఎడమ బొటనవేలి కింద ఉండే కూడిక గుర్తు ఆకారపు బటను కూడా ఈయన ఆలోచనే. కొత్తగా వచ్చిన ఖరీదైన సాంకేతికత వెంట పడకుండా, అప్పటికే చవకగా దొరికే పాత సాంకేతికతను ఎవరూ ఊహించని పనికి వాడటం ఈయన పద్ధతి. జపానులో తయారైన ఆట క్యాసెట్టు ప్రపంచంలో ఎక్కడైనా ఆడగలగడం వెనుక ఈ పద్ధతి పాత్ర చాలా ఉంది.

బాల్యము, విద్యాభ్యాసము

యొకోయి 1941లో క్యోటో నగరంలో జన్మించాడు. అదే నగరంలోని దోషిషా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివాడు. 1965లో క్యోటోలోనే ఉన్న నింటెండో సంస్థలో చేరాడు. 1889లో స్థాపించబడిన ఈ సంస్థ అప్పటికి ప్రధానంగా హనాఫుదా అనే పూల బొమ్మల పేకముక్కలు తయారు చేసేది. ముక్కలను తయారు చేసే యంత్రాలు పాడవకుండా చూసుకోవడం యొకోయికి అప్పగించిన పని. అంటే ఈయన సంస్థలో ప్రవేశించినది మరమ్మతు చేసే ఉద్యోగిగానే గాని రూపకర్తగా కాదు.

ఆటవస్తువుల తయారీ

ఖాళీ సమయంలో యొకోయి తన సరదా కోసం, దూరంగా ఉన్న వస్తువులను పట్టుకునే ఒక మడత చేతిని తయారు చేసుకున్నాడు. సంస్థ అధ్యక్షుడు హిరోషి యమౌచి దానిని చూసి, మందలించడానికి బదులుగా అమ్మకానికి తగిన ఆటవస్తువుగా మార్చమని ఆదేశించాడు. అల్ట్రా హ్యాండ్ పేరుతో 1966లో విడుదలైన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. దానితో యొకోయి మరమ్మతు పని వదిలి ఆటవస్తువుల రూపకల్పనలోకి వచ్చాడు.

1969లో వచ్చిన లవ్ టెస్టర్ ఈయన పద్ధతికి మంచి ఉదాహరణ. ఇద్దరు వ్యక్తులు ఒకరి చేయి ఒకరు పట్టుకుని, రెండో చేతితో యంత్రానికున్న లోహపు గుండ్లను పట్టుకుంటే, వారి శరీరాల గుండా ప్రవహించే అతి స్వల్ప విద్యుత్తును ముల్లు చూపిస్తుంది. ఇందులో ఉన్నది సాధారణమైన విద్యుత్ మీటరు మాత్రమే. కొనేవారికి కావలసినది ఆ కొలత కాదు, చేయి పట్టుకునే అవకాశం.

1970లో వచ్చిన కాంతి తుపాకీ బొమ్మలు కూడా ఇటువంటివే. షార్ప్ సంస్థలో పనిచేసి తరువాత నింటెండోలో చేరిన మసయుకి ఉఎమురా సహకారంతో, సౌర ఘటాలను గురిగా వాడి వీటిని రూపొందించారు. తుపాకీ నుండి వచ్చే కాంతి ఘటంపై పడితే గురి తగిలినట్లు. 1973లో ఇదే సూత్రంతో పెద్ద షూటింగు కేంద్రాలను ప్రారంభించారు గాని, ఆ సంవత్సరం వచ్చిన చమురు సంక్షోభం వలన ఆర్డర్లు రద్దయి సంస్థ అప్పులపాలయింది.

గేమ్ అండ్ వాచ్

బుల్లెట్ రైలులో ఒక ఉద్యోగి కాలక్షేపానికి క్యాలిక్యులేటరు బటన్లు నొక్కుతూ కూర్చోవడం చూసి, పెద్దవారు కూడా నలుగురిలో సంకోచం లేకుండా ఆడుకోగల చిన్న యంత్రం ఉంటే బాగుంటుందని యొకోయికి తోచిందని చెబుతారు. ఆ రోజులలో క్యాలిక్యులేటర్ల తయారీలో తీవ్రమైన పోటీ నడిచి, ఎల్.సి.డి. తెరల ధరలు బాగా తగ్గాయి. ఆ తెరలతోనే గేమ్ అండ్ వాచ్ తయారయింది. మొదటిదైన బాల్ 1980 ఏప్రిల్‌లో విడుదలయింది. ఒక్కో యంత్రంలో ఒకే ఆట ఉండేది, ఆడనప్పుడు గడియారంగా పనిచేసేది. 1991 వరకు ఈ శ్రేణిలో మొత్తం 4 కోట్ల 34 లక్షల యంత్రాలు అమ్ముడుపోయాయి.

కూడిక గుర్తు బటను

1981లో షిగెరు మియమోతో అనే యువ చిత్రకారుడు రూపొందించిన డాంకీ కాంగ్ ఆటకు యొకోయి పర్యవేక్షకుడు. ఆ ఆటను 1982లో గేమ్ అండ్ వాచ్‌కు మార్చవలసి వచ్చింది. నాలుగు దిక్కులా కదలడానికి జాయ్‌స్టిక్ పెడితే జేబులో పట్టదు, మడత పెట్టడానికి వీలుకాదు. అందుకని యొకోయి నాలుగు దిశలను ఒకే బల్లపరుపు బటనులో కలిపాడు. చూడకుండానే బొటనవేలితో ఏ దిశ నొక్కుతున్నామో తెలుస్తుంది. 1983 జూలైలో ఉఎమురా బృందం రూపొందించిన ఫ్యామికామ్ అనే టీవీ ఆట యంత్రానికి కూడా ఇదే బటనును పెట్టారు. ఆ తరువాత వచ్చిన ఆట యంత్రాలలో చాలా వాటికి ఇది గాని, దీని రూపాంతరం గాని ఉంది. మారియో బ్రదర్స్ (1983), మెట్రాయిడ్ (1986), కిడ్ ఇకారస్ (1986) ఆటల తయారీలో కూడా యొకోయి పాలుపంచుకున్నాడు.

గేమ్ బాయ్

క్యాసెట్లు మార్చుకుని ఆడగల చేతి యంత్రమైన గేమ్ బాయ్ 1989 ఏప్రిల్ 21న జపానులో విడుదలయింది. సతోరు ఒకాడా మొదలైన ఇంజనీర్లు దీని నిర్మాణంలో ముఖ్యపాత్ర వహించారు. దీని తెర రంగులది కాదు, నాలుగు ఛాయలు మాత్రమే చూపగలదు. వెనుక నుండి వెలుతురు లేనందున చీకటిలో ఆడటం సాధ్యం కాదు. ఇది తెలియక జరిగిన లోపం కాదు. రంగుల తెర పెడితే ధర పెరుగుతుంది, బ్యాటరీలు త్వరగా అయిపోతాయి. పోటీగా వచ్చిన అటారీ లింక్స్ (1989), సెగా గేమ్ గేర్ (1990) రంగుల తెరలతో ఆకర్షణీయంగా ఉన్నా, ఆరు పెన్సిల్ సెల్లు వేసినా కొద్ది గంటలే నడిచేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్లతో 15 గంటలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పనిచేసేది. తరువాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌తో కలిపి 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

జపాను క్యాసెట్లు, ఇతర దేశాల యంత్రాలు

ఇంట్లో టీవీకి తగిలించే పాత యంత్రాలలో ఒక దేశపు క్యాసెట్టు మరొక దేశంలో ఆడటం కష్టం. జపాను ఫ్యామికామ్ క్యాసెట్టుకు 60 పిన్నులు, అమెరికా యంత్రపు క్యాసెట్టుకు 72 పిన్నులు ఉండేవి. ఒకదానిలో ఒకటి పట్టాలంటే మధ్యలో అడాప్టరు కావాలి. అమెరికా యంత్రంలో అనుమతి లేని క్యాసెట్లను నిరాకరించే చిప్పు కూడా ఉండేది. ఇక జపాను యంత్రాన్నే తెప్పించుకుంటే మరో చిక్కు. అక్కడి కరెంటు 100 వోల్టులు, భారతదేశంలో 230 వోల్టులు. అప్పట్లో అక్కడి టీవీ ప్రసార పద్ధతి ఎన్.టి.ఎస్.సి.గా, ఇక్కడిది పాల్‌గా ఉండేది. కనుక ట్రాన్స్‌ఫార్మరు లేకుండా యంత్రం పెట్టరాదు, పెట్టినా బొమ్మ సరిగా రాకపోవచ్చు.

గేమ్ బాయ్‌కు ఈ అడ్డంకులేవీ లేవు. తెర యంత్రంలోనే ఉంది, కరెంటు బ్యాటరీలది. పైగా దేశాన్ని బట్టి క్యాసెట్లను నిరాకరించే ఏర్పాటు అందులో పెట్టలేదు. జపానులో కొన్న క్యాసెట్టు ఏ దేశపు గేమ్ బాయ్‌లోనైనా పనిచేస్తుంది. 1996 ఫిబ్రవరిలో జపానులో విడుదలైన పోకెమాన్ ఆటలు అమెరికాకు 1998 సెప్టెంబరులో గాని చేరలేదు. ఈ మధ్యకాలంలో ఆడాలనుకున్న వారికి జపాను క్యాసెట్టు తెప్పించుకోవడం ఒక్కటే మార్గం. మిగిలిన అడ్డంకి భాష. తెట్రిస్ వంటి ఆటలకు చదవవలసినది ఏమీ లేదు గాని, పోకెమాన్ వంటి కథా ఆటలకు జపాను లిపి రావాలి. ఆ తొలి పోకెమాన్ ఆటలలో జపాను క్యాసెట్టును, ఆంగ్ల క్యాసెట్టును తీగతో కలిపి జీవులను మార్చుకుంటే దాచుకున్న సమాచారం చెడిపోయేది.

హైదరాబాదులో ప్రభావం

1980లు, 1990లలో భారతదేశంలో అసలైన నింటెండో యంత్రాలు అరుదు. దిగుమతి సుంకాలు ఎక్కువగా ఉండేవి. 1970ల నుండి హైదరాబాదు పాతబస్తీకి చెందిన అనేకులు ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళడం వలన, విదేశీ ఎలక్ట్రానిక్ వస్తువులు వారి సామానుతో పాటు పాతబస్తీ ఇళ్ళకు చేరేవి. 1990లలో ఫ్యామికామ్‌కు నకళ్ళైన చవక యంత్రాలు దేశమంతటా టీవీ గేమ్ లేదా వీడియో గేమ్ అనే పేరుతో బాగా అమ్ముడయ్యాయి. ఇవి తైవాను, చైనాలలో తయారైన చిప్పులతో పనిచేసేవి.

ఈ నకళ్ళలో ఎక్కువ భాగం అమెరికా పద్ధతిని కాక జపాను 60 పిన్నుల పద్ధతిని అనుసరించాయి. ఆ విధంగా జపాను క్యాసెట్టు కొలతే ఇక్కడి పిల్లలకు అలవాటైన కొలత అయింది. ఆ యంత్రాలతో యొకోయి కృషి కూడా పేరు లేకుండానే ఇళ్ళలోకి వచ్చింది. మీటపై ఉన్న కూడిక గుర్తు బటను ఈయనది. బాతులను కాల్చే డక్ హంట్ ఆట, దానితో వచ్చే తుపాకీ 1970ల నాటి కాంతి తుపాకీ బొమ్మల నుండి పుట్టినవి. అయితే టీవీ ఆటలో కాంతి వెలువడేది తుపాకీ నుండి కాదు. తుపాకీయే తెర కాంతిని గ్రహిస్తుంది. ఇది పాత పిక్చర్ ట్యూబు టీవీలలో మాత్రమే పనిచేస్తుంది, నేటి పలుచని టీవీలలో పనిచేయదు.

అదే కాలంలో విరివిగా దొరికిన 9999 ఆటల బ్రిక్ గేమ్ యొకోయి తయారు చేసినది కాదు. కాని చవక ఎల్.సి.డి. తెర, కొద్దిపాటి బటన్లు, రెండు మూడు సెల్లతో గంటల కొద్దీ ఆట అనే ఆలోచన మాత్రం గేమ్ అండ్ వాచ్‌తో వ్యాప్తిలోకి వచ్చినదే.

వర్చువల్ బాయ్

యొకోయి చేపట్టిన వాటిలో పెద్ద వైఫల్యం వర్చువల్ బాయ్. 1995 జూలైలో జపానులోను, ఆగష్టులో అమెరికాలోను విడుదలైన ఈ యంత్రం, కళ్ళకు ఆనించుకుని చూసినపుడు లోతుతో కూడిన దృశ్యాన్ని చూపేది. ఖర్చు తగ్గించడానికి ఎర్రని ఎల్.ఇ.డి.లు మాత్రమే వాడటం వలన దృశ్యమంతా ఎరుపు, నలుపు రంగులలోనే ఉండేది. ఆడినవారిలో కొందరు తలనొప్పి, కళ్ళ అలసటతో బాధపడ్డారు. చేతిలో పట్టుకుని తిరగడానికి వీలు లేదు, నలుగురు కలిసి చూడటానికి వీలు లేదు. రెండు దేశాలలో కలిపి 22 ఆటలే వచ్చాయి. సుమారు 7 లక్షల 70 వేల యంత్రాలు మాత్రమే అమ్ముడుపోగా, ఏడాది తిరగక ముందే నింటెండో దీనిని నిలిపివేసింది. గేమ్ బాయ్‌ను గెలిపించిన పొదుపు సూత్రమే ఇక్కడ ఓడిపోయింది. గేమ్ బాయ్‌లో రంగులు వదులుకుంటే బ్యాటరీ మిగిలింది, ధర తగ్గింది. ఇక్కడ రంగులు వదులుకున్నా ఆడేవారికి దక్కినది తక్కువ.

చివరి రోజులు, మరణము

గేమ్ బాయ్‌ను చిన్నదిగా, స్పష్టమైన తెరతో తీర్చిదిద్దిన గేమ్ బాయ్ పాకెట్ 1996 జూలైలో విడుదలయింది. ఆ తరువాతి నెలలో యొకోయి నింటెండోకు రాజీనామా చేశాడు. వర్చువల్ బాయ్ వైఫల్యమే దీనికి కారణమని పత్రికలు వ్రాసినా, స్వతంత్రంగా పనిచేయాలనే కోరిక చాలా కాలంగా ఉన్నదని యొకోయి చెప్పాడు. క్యోటోలో కోతో అనే సంస్థను స్థాపించి, బందాయి సంస్థ కోసం మరొక చేతి యంత్రం రూపకల్పనలో పాల్గొన్నాడు.

1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతంలోని హొకురికు రహదారిపై యొకోయి ప్రయాణిస్తున్న కారు మరొక వాహనాన్ని ఢీకొన్నది. నష్టం చూడటానికి కిందికి దిగిన యొకోయిని వెనుక నుండి వచ్చిన ఇంకొక కారు ఢీకొనడంతో మరణించాడు. అప్పటికి వయస్సు 56 సంవత్సరాలు.

బందాయి యంత్రం వండర్‌స్వాన్ పేరుతో 1999 మార్చి 4న 4,800 యెన్ల ధరకు విడుదలయింది. ఒకే ఒక పెన్సిల్ సెల్లుతో సుమారు 30 గంటలు పనిచేసే ఈ యంత్రాన్ని అడ్డంగాను, నిలువుగాను పట్టుకుని ఆడవచ్చు. దానితో పాటు వచ్చిన గీతల పజిలు ఆటకు ఈయన జ్ఞాపకార్థం గున్పే అని పేరు పెట్టారు. అమెరికా, ఐరోపా దేశాలలో ఇది విడుదల కానందున అక్కడి వారు యంత్రాన్ని, క్యాసెట్లను జపాను నుండి తెప్పించుకుని ఆడవలసి వచ్చింది.

గుర్తింపు

2003లో అంతర్జాతీయ గేమ్ డెవలపర్ల సంఘం యొకోయికి మరణానంతరం జీవితకాల సాఫల్య పురస్కారం ప్రకటించింది. యొకోయి జీవించి ఉండగా ఆటల పెట్టెలపై సంస్థ పేరే ఉండేది గాని రూపకర్త పేరు ఉండేది కాదు. అందువలన ఈయన బటనును రోజూ నొక్కిన కోట్లాది మందికి ఈయన పేరు తెలియలేదు.