చలికాలపు రాత్రులకు రంగులద్దిన వడ్డాది పాపయ్య

అనకాపల్లి: పుష్యమాసపు చలిలో చెరకు గానుగలు ఆడే రోజులు వచ్చాయంటే ఈ ప్రాంతపు పల్లెల్లో పెద్దవారికి ఒక పాత సంగతి గుర్తుకు వస్తుంది. బెల్లం పొయ్యి దగ్గర వెచ్చగా చేరి, లాంతరు వెలుగులో ఒక పిల్లవాడు చందమామ చదువుతుంటే, మిగిలినవారు బొమ్మల కోసం ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగి చూసేవారు. అక్షరం రానివారికి బొమ్మే కథ చెప్పేది. రాజకుమారి కన్నీరు, రాక్షసుని కోరలు, అడవిలో దారి తప్పిన గుర్రం అన్నీ కళ్ళ ముందు నిలిచేవి.

ఆ పుస్తకం అట్ట మీద మెరిసే రంగుల బొమ్మ వేసిన చిత్రకారుడు పక్కనే ఉన్న కశింకోటలో ఇల్లు కట్టుకున్న డ్రాయింగు మాస్టారని ఆ పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆయనే వపా అన్న పొడి అక్షరాలతో తెలుగువారందరికీ పరిచయమైన శ్రీ వడ్డాది పాపయ్య.

పాపయ్య 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. తండ్రి రామ్మూర్తి డ్రాయింగు ఉపాధ్యాయుడు, తల్లి మహాలక్ష్మి. చిత్రకళాశాలల్లో చదివి పట్టాలు పొందిన వారు కారు. తండ్రి చేతి కుంచే ఆయనకు బడి. రవివర్మ వేసిన కోదండరాముని పటం చిన్ననాడే ఆయన మనసును పట్టుకున్నదని, అయిదవ ఏటనే ఆంజనేయుని బొమ్మ వేశారని చెబుతారు. పెరిగి పెద్దయ్యాక తండ్రి వృత్తినే చేపట్టి అనకాపల్లిలో పిల్లలకు చిత్రలేఖనం నేర్పారు.

తొలినాళ్ళలో రేరాణి, అభిసారిక వంటి పత్రికలకు బొమ్మలు వేశారు. అయితే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది చక్రపాణి పిలుపు. బి.నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జూలైలో మద్రాసులో చందమామ ప్రారంభించారు. కథ ఎంత ముఖ్యమో బొమ్మ అంత ముఖ్యమన్నది ఆ పత్రిక పద్ధతి. పాపయ్య కుంచె దానికి చక్కగా అమరింది. ఏళ్ళ తరబడి ఆయన ముఖచిత్రాలు వేశారు, పురాణ కథలకు బొమ్మలు సమకూర్చారు. చక్రపాణి నడిపిన మరో పత్రిక యువలోనూ ఆయన చిత్రాలు వచ్చాయి. ఋతువులను, రాగాలను, కావ్యనాయికలను ఆయన స్త్రీమూర్తులుగా మలిచారు.

ఆయన బొమ్మలో ప్రత్యేకత ఏమిటంటే, కథ ఏ గంధర్వలోకంలో జరిగినా మనుషులు మాత్రం మన ఊరివారే. దేవకన్య జడ అల్లిక, చీర కుచ్చిళ్ళు, నడుమున బిందె పెట్టుకున్న తీరు కళింగ సీమ పల్లెపడుచువే. చెట్టూ పుట్టా, లేడిపిల్ల, తామర కొలను ఏదీ ఊరికే ఖాళీ నింపడానికి వేసినట్లు ఉండదు. గులాబి, నీలం, పసుపు రంగులు వెన్నెలలో తడిసినట్లు కనిపిస్తాయి. ఆడవారి చిత్రాల్లో శృంగారం పాలు ఎక్కువైందని ఆక్షేపించినవారూ లేకపోలేదు. అయినా ఆయన తన దారి మార్చుకోలేదు.

ఆ రోజుల్లో రంగుల పటం కొని గోడకు కట్టుకోవడం కూలినాలి చేసుకునే ఇళ్ళకు సాధ్యమయ్యే పని కాదు. చందమామ ఆ కొరత తీర్చింది. చిత్రకారుడు వేసిన ఒక్క బొమ్మను మద్రాసులో ఫోటో తీసి, రంగు రంగుకూ వేరువేరు పలకలు చేసి, ఒకదాని మీద ఒకటి అచ్చొత్తేవారు. ఆ ప్రతులు రైళ్ళలో అనకాపల్లికీ వచ్చేవి, సికిందరాబాదుకూ చేరేవి. స్టేషనులో కొన్న పుస్తకం ప్రయాణం పూర్తయ్యేలోగా పెట్టెలో సగం మంది చేతులు మారేది. నెల తిరిగాక అట్ట చింపి పూరింటి మట్టిగోడకు అన్నం మెతుకులతో అంటించుకున్నవారు ఎందరో. ఆ విధంగా ప్రదర్శనశాల ముఖం ఎరుగని జనానికి ఆయన చిత్రకళను ఇంటికే పంపించారు.

ఇంత పేరు వచ్చినా పాపయ్య సన్మానాలకు, ఫోటోలకు, పత్రికల వారి పలకరింపులకు దూరంగానే ఉన్నారు. తన బొమ్మను లోకం చూస్తే చాలు, తనను చూడనక్కరలేదన్నట్లుగా ఆయన నడవడి ఉండేది. అందువల్లనే ఆయన చిత్రాన్ని గుర్తుపట్టేవారు లక్షలలో ఉన్నా, ఆయన ముఖాన్ని గుర్తుపట్టగలిగినవారు తక్కువ. 1992 డిసెంబరు 30న, సరిగ్గా పుష్యమాసపు చలిరోజుల్లోనే, 71 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

ఆయన పోయిన తర్వాత చందమామ ప్రచురణకూ ఒడిదుడుకులు తప్పలేదు. 1998లో కొంతకాలం ఆగి, తిరిగి మొదలై, చేతులు మారి, చివరికి 2013 నాటికి నిలిచిపోయింది. ఆయన కాపురమున్న కశింకోట 2022లో విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరింది. మాస్టారి చేతి బొమ్మలు మాత్రం ఇంకా మన ఇళ్ళలోనే ఉన్నాయి. అటక మీద, పాత ట్రంకు పెట్టెలలో, చెదలకూ తేమకూ లోబడి ఒక్కొక్క పుటే రాలిపోతున్నాయి.

సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు అటువంటి పుస్తకం చేతికి వస్తే పాత కాగితాల వానికి తూకం వేయకుండా, కాసేపు ఆరబెట్టి, ఎండిన వేపాకు మధ్య పొడిచోట దాచడం మంచిది. దాచే ముందు ఒక రాత్రి పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని ఆ బొమ్మలు చూపి, కథ చెప్పి, అవి వేసినవారు మన కశింకోట మాస్టారని కూడా చెప్పాలి. పేరు కోరుకోని ఆ మనిషికి ఈ ప్రాంతం చేయగల మర్యాద అదే.