నిప్పుకొండలు, నదులు చదివిన హంబోల్ట్

దక్షిణ అమెరికా పశ్చిమ తీరం వెంట పారే చల్లని సముద్ర ప్రవాహాన్ని హంబోల్ట్ ప్రవాహం అని మీరు భూగోళంలో చదివే ఉంటారు. ఆ పేరు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్‌ది.

ఆయన 1769 సెప్టెంబరు 14న బెర్లిన్‌లో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. కొడుకు ప్రభుత్వ కొలువులో స్థిరపడాలని తల్లి కోరిక. హంబోల్ట్ మనసేమో రాళ్లమీద, మొక్కలమీద. రెండింటికీ కుదిరే దారిగా 1791లో ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయంలో చేరారు. మరుసటి ఏడాదే గనుల అధికారి అయ్యారు. 1793లో స్టేబెన్‌లో గని కార్మికుల కోసం సొంత డబ్బుతో బడి తెరిచారు.

ఫ్రైబెర్గ్‌లో ఆయన గురువు వెర్నర్. బసాల్టు అనే నల్లరాయి పూర్వం సముద్రపు నీటిలో పేరుకుని ఏర్పడిందని వెర్నర్ బోధించేవారు. రైన్ నదీతీరపు బసాల్టు గురించి రాసిన తొలి పుస్తకంలో హంబోల్ట్ కూడా ఆ వాదం వైపే మొగ్గారు.

1796లో తల్లి మరణించారు. వారసత్వంగా వచ్చిన డబ్బు చేతికందాక ఉద్యోగం వదిలి, 1799లో మిత్రుడు బోన్‌ప్లాన్‌తో ఓడ ఎక్కారు. 1800లో ఒరినోకో నదిపై పడవలో దోమల మధ్య నెలల తరబడి తిరిగారు. ఆ నది నీటిలో కొంత కసికియారే పాయ గుండా అమెజాన్ వైపు వెళ్తుంది. స్థానికులకు ఇది తెలిసిందే. ఐరోపాలో మాత్రం కొందరు నమ్మలేదు. హంబోల్ట్ ఆ పాయలో స్వయంగా ప్రయాణించి, నక్షత్రాలను చూసి స్థానాలు లెక్కగట్టి, పటంలో చేర్చారు.

1802 జూన్ 23న నేటి ఈక్వెడార్‌లోని చింబొరాజో అగ్నిపర్వతం ఎక్కారు. ప్రపంచంలో అదే ఎత్తైన శిఖరమని అప్పట్లో అనుకునేవారు. చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా దాదాపు 5,900 మీటర్ల దాకా వెళ్లారు. పెద్ద అగాధం అడ్డు రావడంతో వెనుదిరిగారు. 1803లో మెక్సికోలో హొరూయో బిలంలోకి దిగారు. 1759లో పొలాల మధ్య పుట్టుకొచ్చిన కొండ అది.

ఇన్ని కొండలు చూశాక గురువు పాఠం నిలవలేదు. అగ్నిపర్వతాలు వరుసల్లో ఉన్నాయని, భూమి లోతుల్లోని పగుళ్లే అందుకు కారణమని ఆయన గ్రహించారు. 1823లో బెర్లిన్ అకాడమీలో అగ్నిపర్వతాల నిర్మాణం గురించి ప్రసంగించారు. హిమాలయాలు చూడాలన్న కోరికకు మాత్రం ఈస్టిండియా కంపెనీ అనుమతి దొరకలేదు. 1859 మే 6న, తొంభయ్యో ఏట కన్నుమూశారు.

పిల్లలూ! మహారాష్ట్రలో మనవాళ్లు నడిచే నల్లరాతి నేల చాలావరకు బసాల్టే. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గడ్డకట్టి ఏర్పడింది. మీ ఊళ్లో ఉన్నది ఏ రాయి? ఒకటి తెచ్చి తరగతిలో పరిశీలించండి. అట్లాసులో ఒరినోకో ఎక్కడుందో కూడా వెతకండి.