థర్గుడ్ మార్షల్

థర్గుడ్ మార్షల్ 1908లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టారు. సొంత ఊళ్లోనే మేరీల్యాండ్ యూనివర్సిటీ లా కాలేజీ ఉన్నా, అక్కడ నల్లవాళ్లకు సీటు ఇచ్చేవారు కాదు. దాంతో వాషింగ్టన్‌లోని హోవార్డ్‌లో చేరారు. ఫీజు కోసం తల్లి నార్మా పెళ్లి ఉంగరం తాకట్టు పెట్టింది. మన అమ్మల వెండి కడియాలు షావుకారి దగ్గరికి వెళ్లినట్టే. రోజూ రైల్లో తిరుగుతూ చదివి, 1933లో క్లాసులో మొదటి స్థానంలో పాసయ్యారు.

రెండేళ్లకు, అదే మేరీల్యాండ్ కాలేజీ కాదన్న డొనాల్డ్ ముర్రే తరఫున, గురువు చార్లెస్ హ్యూస్టన్‌తో కలిసి కోర్టుకెక్కారు. నల్లవాళ్లకు రాష్ట్రంలో వేరే లా కాలేజీయే లేనప్పుడు ఇక్కడ ఎలా కాదంటారని వాదించి సీటు ఇప్పించారు.

1967లో సుప్రీంకోర్టు తొలి నల్లజాతి జడ్జి అయ్యారు. 1978లో కాలిఫోర్నియాలోని డేవిస్ మెడికల్ కాలేజీ కేసు వచ్చింది. 100 సీట్లలో 16 మైనారిటీలకు కేటాయించడం చెల్లదని మెజారిటీ జడ్జీలు తేల్చారు. మార్షల్ ఒప్పుకోలేదు. తరతరాలుగా జాతి చూసే జనాన్ని బయట నిలబెట్టి, ఇప్పుడు జాతి చూడకూడదంటే ఎలా అన్నది ఆయన తీర్పు సారం.

కోటా సీటని కాలేజీలో ఎగతాళి చేస్తున్నారని మన పిల్లలు సెలవులకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటే, హాస్టల్లో మేము ఈ కేసే చెబుతాం. ఆ 16 సీట్లు ఊరికే పెట్టినవి కావు. 1968లో డేవిస్ కాలేజీ తెరిచినప్పుడు చేరిన తొలి 50 మందిలో నల్లవాళ్లు ఒక్కరూ లేరు, అమెరికా ఆదివాసులూ ఒక్కరూ లేరు.