నొప్పిని నిలిపిన సూది

పంటినొప్పి ఎంతటి ధీరుణ్ణైనా దీనుణ్ణి చేస్తుంది. 1884కు పూర్వం పన్ను తీయవలసివస్తే ఈథర్‌తోనో నైట్రస్ ఆక్సైడ్‌తోనో రోగిని నిద్రపుచ్చడం, లేదా బాధను ఓర్చుకొమ్మనడం తప్ప గత్యంతరం లేదు. తెలివి పోగొట్టకుండా కింది దవడను మాత్రమే మొద్దుబార్చే మార్గాన్ని చూపినవారు అమెరికా శస్త్రవైద్యుడు విలియం స్టూవర్ట్ హాల్‌స్టెడ్.

ఆయన 1852 సెప్టెంబరు 23న న్యూయార్కులో జన్మించారు. 1877లో వైద్యపట్టా పొంది, ఐరోపాలో రెండేళ్లు విద్యనభ్యసించి, స్వదేశంలో చేయితిరిగిన శస్త్రవైద్యునిగా పేరుపొందారు. 1884లో వియన్నాకు చెందిన కార్ల్ కోలర్ కొకెయిన్ ద్రావణంతో కంటికి స్పర్శ తెలియకుండా చేయవచ్చని నిరూపించాడు. ఆ వార్త హాల్‌స్టెడ్‌ను ఆలోచింపజేసింది.

కింది దవడ ఎముక దట్టమైనది. చిగురులో ఎక్కించిన మందు ఆ ఎముకను దాటి పంటివేరును చేరడం కష్టం. అయితే కింది పళ్లకు స్పర్శనిచ్చే నాడి, దవడ వెనుకభాగంలో లోపలివైపు ఉన్న చిన్న రంధ్రం గుండా ఎముకలోకి ప్రవేశిస్తుంది. ఆ ద్వారం దగ్గరే మందు ఎక్కిస్తే ఆ వైపు పళ్లన్నీ మొద్దుబారుతాయి. వాకిట్లోనే దొంగను పట్టినట్లన్నమాట! మిత్రుడు రిచర్డ్ హాల్‌తో కలిసి 1884 చివరి నెలల్లో హాల్‌స్టెడ్ దీనిని సాధించారు.

అయితే ఆ ప్రయోగాలు వారు తమ శరీరాలపైనే చేసుకున్నారు. కొకెయిన్ వ్యసనంగా మారుతుందని ఆనాటి వైద్యులకు స్పష్టంగా తెలియదు. సహచరులలో పలువురు దానికి బానిసలయ్యారు. 1885లో హాల్‌స్టెడ్ ప్రచురించిన వ్యాసంలో వాక్యాలకు పొంతన కుదరలేదు. 1886లో ఆయన చికిత్సాలయంలో చేరారు. కొకెయిన్‌కు విరుగుడుగా ఇచ్చిన మార్ఫిన్ మరో సంకెల అయింది.

మిత్రుడు విలియం వెల్చ్ ఆయనను బాల్టిమోరుకు రప్పించారు. 1889లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆయన ప్రధాన శస్త్రవైద్యులయ్యారు. క్రిమిసంహారక ద్రావణం వల్ల చేతులు పాడైన నర్సు కెరోలిన్ హాంప్టన్ కోసం పలుచని రబ్బరు తొడుగులు చేయించారు. 1890లో ఆమెనే వివాహమాడారు.

కొకెయిన్ స్థానంలో వేరే మందులు వచ్చాయి. 1904లో ఐన్‌హార్న్ రూపొందించిన నోవొకెయిన్ వ్యసనం కలిగించదు. కాని దాని ప్రభావం త్వరగా తగ్గుతుంది. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడొకెయిన్ త్వరగా, గట్టిగా పనిచేస్తుంది. 1970వ దశకంలో జర్మనీలో వాడుకలోకి వచ్చిన ఆర్టికెయిన్ ఎముకలోకి మెరుగుగా ఇంకుతుంది. కింది దవడలో పంటి పక్కనే ఎక్కించినప్పుడు లిడొకెయిన్ కన్న మిన్న. నాడీద్వారం దగ్గర ఎక్కిస్తే మాత్రం రెండింటికీ అంత భేదం కనిపించదు. నేడు దవడలో టైటానియం మర బిగించి కృత్రిమదంతం నిలిపే వైద్యులు ఎంచుకొనే మందు ఏదైనా, సూది వెళ్లే దారి తరచుగా హాల్‌స్టెడ్ చూపినదే.

1922లో అమెరికా జాతీయ దంతవైద్యుల సంఘం ఆయనను సత్కరించింది. అదే సంవత్సరం సెప్టెంబరు 7న ఆయన కన్నుమూశారు. బాల్టిమోరులో పనిచేసిన కాలంలోనూ ఆయన నిత్యం మార్ఫిన్ తీసుకునేవారన్న సంగతి, సహచరుడు విలియం ఆస్లర్ రాసి దాచిన రహస్య పత్రాల ద్వారా 1969లో గాని లోకానికి తెలియలేదు.