చదివిన చోటికే తిరిగొచ్చిన కెన్ కెనెడీ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడగగానే, నేను ఎన్నడూ చూడని ఒక గురువు గుర్తొచ్చారు. ఆయన పేరు కెన్ కెనెడీ.

1945లో పుట్టిన కెనెడీ అమెరికాలో హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. 1971లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొంది, ఆ ఏడాదే రైస్‌కు అధ్యాపకుడిగా తిరిగొచ్చారు. 1984లో అక్కడ కంప్యూటర్ సైన్స్ విభాగాన్ని స్థాపించారు. చివరిదాకా అక్కడే ఉన్నారు.

శాస్త్రవేత్త ఫోర్‌ట్రాన్‌లో ప్రోగ్రామును వరుసగా రాస్తాడు. యంత్రంలో ప్రాసెసర్లు అనేకం. వాటికి పని పంచేదెవరు? ఆ భారం కంపైలర్ మోయాలన్నది కెనెడీ పట్టుదల.

బడి లెక్కలో చెబుతాను. నలుగురు టీచర్లు నలుగురు పిల్లల మార్కులను ఒకేసారి కూడవచ్చు. ఫీజుల రిజిస్టరులో మాత్రం ముందు పేజీ మొత్తం తేలనిదే తర్వాతి పేజీ మొత్తం తేలదు. ఏ పని దేనిమీద ఆధారపడిందో కంపైలరే కనిపెట్టే పద్ధతులను ఆయన తన శిష్యుడు రాండీ అలెన్‌తో కలిసి అభివృద్ధి చేశారు. ఇద్దరూ కలిసి రాసిన పుస్తకం ఈ రంగంలో ప్రామాణిక గ్రంథం.

తర్వాత ఆయన ముందుండి నడిపించిన కృషి హై పెర్ఫార్మెన్స్ ఫోర్‌ట్రాన్. 1993లో ప్రమాణంగా వెలువడింది. డేటాను ఎలా పంచాలో ప్రోగ్రామర్ సూచిస్తే, ప్రాసెసర్ల మధ్య సందేశాల సంగతి కంపైలర్ చూసుకుంటుంది. ఆశలు పెద్దవే, కానీ కంపైలర్లు ఇంకా పక్వానికి రాలేదు. ఒక యంత్రం మీద వేగంగా నడిచిన ప్రోగ్రాము మరోదానిమీద నీరసించేది. విసిగిన వాడుకరులు సందేశాలను తామే రాసుకునే ఎంపీఐకి మళ్లారు.

కెనెడీ దాన్ని దాచలేదు. ఇద్దరు సహచరులతో కలిసి ఆ భాష ఎలా లేచిందో, ఎందుకు పడిందో, ఏది మిగిల్చిందో వివరంగా రాశారు. ఆ వ్యాసం 2007 జూన్‌లో ప్రోగ్రామింగ్ భాషల చరిత్ర సదస్సులో వెలువడింది. అప్పటికి ఆయన లేరు. ఫిబ్రవరి 7న క్యాన్సర్‌తో కన్నుమూశారు.

నేను పనిచేసినచోట విఫలమైన ప్రాజెక్టు ఫైలును మూసి అటకెక్కించేవాళ్లం. నేనూ అలా మూసినవాణ్నే. ఆ వ్యాసం చదివాక, ఎక్కడ తప్పామో రెండు పేజీలు రాయకుండా ఏ ఫైలూ మూయడం లేదు. ఈ యాభై ఏళ్ల పండుగకు బడికి తిరిగొస్తున్న మనం, గెలిచిన కబుర్లతోపాటు తప్పిన లెక్కలూ పిల్లలకు చెబుదాం.