విలియం జాన్ లిటిల్

విలియం జాన్ లిటిల్ (ఆగష్టు 7, 1810 - జూలై 7, 1894) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ వైద్యుడు. వంకర పాదంతో బాధపడి, శస్త్రచికిత్సతో స్వస్థత పొంది, ఆ చికిత్సనే తన దేశంలో ప్రవేశపెట్టాడు. పిల్లలలో కనబడే సెరెబ్రల్ పాల్సీలో ఒక రకం చాలాకాలం ఈయన పేరుమీదనే లిటిల్ వ్యాధిగా వ్యవహరింపబడింది.

బాల్యం, విద్య

లిటిల్ లండన్ నగరంలో జన్మించాడు. పసితనంలో సోకిన వ్యాధి (ఇది పోలియో అని తరువాతి వైద్యుల అభిప్రాయం) వలన ఆయన ఎడమ పాదం లోపలికి తిరిగి, మడమ పైకి లేచి బిగుసుకుపోయింది. పుట్టుకతో వచ్చే వంకర పాదానికి కారణం వేరైనా ఆకారం ఇంచుమించు ఇటువంటిదే. తన పాదానికి మార్గం వెదుకుకొనే ఉద్దేశంతోనే ఆయన వైద్యవిద్యలో చేరాడని చెప్పవచ్చు.

శస్త్రచికిత్స

మడమ వెనుక గల ఎకిలిస్ స్నాయువును కోస్తే పాదం కిందికి దిగుతుందని అప్పటికే తెలుసు. 1816లో ఫ్రాన్సులో డెల్‌పెష్ ఆ పని చేశాడు గాని, గాయం చీము పట్టడంతో మళ్ళీ సాహసించలేదు. జర్మనీలోని హానోవర్‌లో స్ట్రోమేయర్ మరొక ఉపాయం కనిపెట్టాడు. చర్మాన్ని చీల్చకుండా, చిన్న రంధ్రం గుండా సన్నని కత్తిని పోనిచ్చి స్నాయువును మాత్రమే తెంచి, తరువాత పాదాన్ని కొద్దికొద్దిగా సరిచేసేవాడు.

1836 జూన్ 6న లిటిల్ ఆయన చేత శస్త్రచికిత్స చేయించుకున్నాడు. మత్తుమందు వాడుకలోకి రావడానికి అది పదేళ్ళ ముందు సంగతి. పాదం సరి అయింది. బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే ప్రముఖ శస్త్రవైద్యుడు ఈ పద్ధతిని మొదట శంకించినవాడే. లిటిల్ పాదాన్ని చూశాక తానూ అనుసరించాడు.

లండన్‌లో కృషి

1837లో వంకర పాదంపై సిద్ధాంతవ్యాసంతో బెర్లిన్‌లో పట్టా పొందాడు. అదే సంవత్సరం ఫిబ్రవరి 20న లండన్‌లో తొలిసారి ఈ చికిత్స చేశాడు. 1838లో ఆయన చొరవతో ఏర్పడిన వైద్యశాల తరువాత రాయల్ ఆర్థోపెడిక్ హాస్పిటల్ అయినది. 1839లో వంకర పాదంపై గ్రంథం ప్రకటించాడు. కాన్పు కష్టమైనప్పుడు శిశువుకు ఊపిరి అందకపోవడానికీ, తరువాత అవయవాలు బిగుసుకుపోవడానికీ గల సంబంధాన్ని 1861లో వివరించాడు. ఒక కుమారునికి తన వైద్యుని పేరు కలిపి లూయీ స్ట్రోమేయర్ లిటిల్ అని నామకరణం చేశాడు.

తరువాతి పరిణామాలు

చికిత్స తరువాత లిటిల్ 58 ఏళ్ళు జీవించాడు. పిల్లల పాదానికి చేసిన చికిత్స విలువ వారు పెద్దవారయ్యాకే తేలుతుంది. అమెరికాలో పోన్సెటి పద్ధతిలో, అనగా వరుస పిండికట్లతో, చాలామందికి చివరలో ఇదే స్నాయువును తెంచి చికిత్స చేసిన 45 మందిని సగటున 34 ఏళ్ళ వయసులో పరీక్షించి, 1995లో ఫలితాలు ప్రకటించారు. 78 శాతం మందికి ఫలితం బాగుంది. పాదలోపం లేనివారిలో ఆ సంఖ్య 85. పిల్లల చదును పాదానికి వాడే, శరీరంలో కరిగిపోయే ఇంప్లాంట్లపై ఇటలీలోని బొలోనా వైద్యులు 2001లో వెల్లడించిన పరిశీలన నాలుగేళ్ళది మాత్రమే.

భారతదేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించవలసిన ఆరోగ్య సమస్యలలో వంకర పాదం ఒకటి. అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి కోనసీమ ప్రాంతాలలోనూ అంగన్‌వాడీలు, ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఈ పథకం పరిధిలోనివారే.